ధూళియు దర్పణమును

ఉదయమున తూర్పు కిటికీ కొంచెము తెఱచినపుడు ఆ సందులోనుండి గదిలోనికి వచ్చు ఎండపొడలో లెక్కలేనన్ని సూక్ష్మరేణువులు పైకిని క్రిందికిని తేలియాడుచుండుట చూడనివారుండరు. ఆ రేణువునకు మన పూర్వులు త్రసరేణువని పేరిడిరి. గవాక్షమునుండి వచ్చు సూర్యకిరణములలో కానవచ్చు ఆ ధూళికణమే కొలతలన్నిటికిని మొదటిదని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. ఎనిమిది త్రసరేణువులొక లిక్ష యగును. ఆ లెక్క క్రమముగా పెరిగి బంగారు తూనికవఱకు పోవును. మూడు ద్వ్యణుకములు కూడి త్రసరేణువగునని వైశేషికులు చెప్పిరి. కంటికి కనబడు పదార్థములలో కడపటిది అదియేయని వారి భావము. ఆ ఎండపొడ తొలగిపోగానే రేణువులును కనబడవు. అప్పుడు మనము గది శుభ్రముగానున్నదని తలంతుము. రేణువులు మాత్రము ఎక్కడికిని పోలేదు. మన చూపే పోయినది.

కనబడని ఆ రేణువుతోను, దానికి తోడుపడు వేడిమితోను మానవుడు చేసిన పోరాటపు చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము. నక్షత్రములను చూచుటకు పనికివచ్చు దర్పణములను, కటకములను చేయు కర్మశాలలలో ఈ పోరు రెండు శతాబ్దములకు పైగా సాగినది. అది చాలవఱకు పరదేశముల కథ. అయినను శుద్ధి యననేమి, అంటు అననేమి అను ప్రశ్నలు మన ఇండ్లలో నేటికిని వినబడుచునే యున్నవి గనుక, ఆ కథ మనకును అక్కఱకు వచ్చునని మేము నమ్ముచున్నాము.

మొదట ఆ పనియొక్క సూక్ష్మత్వమును గ్రహింపవలెను. వెలుగు తరంగరూపమున ప్రయాణము చేయును. ఆకుపచ్చని వెలుగుయొక్క తరంగదైర్ఘ్యము మిల్లీమీటరులో సుమారు 1,800 వ వంతు. దూరదర్శిని దర్పణము మంచిదనిపించుకొనవలెనన్నచో, దాని తలము ఉండవలసిన రూపమునుండి ఆ తరంగములో ఎనిమిదవ వంతునకు మించి తప్పరాదు. అనగా ఆ తప్పు తలవెండ్రుక మందములో ఇంచుమించు వేయవ వంతునకు లోబడి యుండవలెను. రెండు మూడు గజముల వెడల్పుగల గాజుబిళ్లమీద ఏ మూలను చూచినను ఇంతకు మించిన మిట్టగాని పల్లముగాని ఉండరాదని తాత్పర్యము.

ఇట్టి పనికి శత్రువులు ఇద్దఱు. వేడిమి మొదటిది. మామూలు గాజుకడ్డీ మీటరు పొడవుగలది ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు తొమ్మిది మైక్రానులు, అనగా మిల్లీమీటరులో వేయింట తొమ్మిది వంతులు, సాగును. ఇది పైన చెప్పిన హద్దునకు నూఱురెట్లకంటె ఎక్కువ. గాజంతయు సమముగా వేడెక్కినచో దాని పరిమాణము మాఱునేగాని రూపము చెడదు. ఒక వైపు వెచ్చగాను వేఱొక వైపు చల్లగాను ఉన్నపుడే తలము వంకరపోవును. మఱియు దర్పణమునకు మెఱుగుపెట్టు పనిముట్టు మీద పూయునది దేవదారుజాతి చెట్ల జిగురునుండి తీసిన కీలు. అది కొంచెము వెచ్చబడినచో మెత్తబడి జాఱును. కొంచెము చల్లబడినచో గట్టిపడి గాజుతో పొందిక తప్పును. కావున గది వేడిమి మాఱినచో పనివాని చేతిలోని పనిముట్టే మాఱిపోవును.

ధూళి రెండవ శత్రువు. గాలిలోని ధూళిలో ఇసుకరేణువులుండును. ఇసుక స్ఫటికజాతిది. మోసు అను జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడు 1812 లో ఏర్పఱచిన కాఠిన్యక్రమములో స్ఫటికము స్థానము 7. మామూలు గాజు 5, 6 లకు నడుమ నుండును. కఠినమైనది మెత్తనిదానిని గీయుననుట పిల్లలకును తెలిసిన సంగతియే. కాబట్టి నెలలతరబడి మెఱుగుపెట్టిన తలముమీద ఒక్క ఇసుకరేణువు పడి, ఆ పడిన సంగతి పనివాడు గమనింపకయే పనిముట్టు నొకసారి త్రిప్పినచో, గాజుపై గీత యేర్పడును. ఆ గీతను తొలగింపవలెనన్నచో దాని లోతువఱకు తలమంతయు మరల అరగదీయవలెను.

ఈ శత్రువుల పేరైనను సరిగా తెలియని కాలమున పనిచేసినవాడు విలియం హెర్షెలు. ఆయన 1738 లో హానోవరున పుట్టి ఇంగ్లండు చేరి, బాత్ నగరమున సంగీతము చెప్పి జీవించుచుండెను. నక్షత్రములయందలి ఆసక్తిచే 1773 ప్రాంతమున తానే దర్పణములు చేసికొన మొదలిడెను. నాటి దర్పణములు గాజువి కావు. రాగియు తగరమును కలిపి పోతపోసినవి. ఇల్లే కార్ఖానా అయ్యెను. ఏడడుగుల దూరదర్శినికి కావలసిన దర్పణమును ముగించుటకై ఆయన ఒకసారి పదునాఱు గంటలు చేయి తీయక మెఱుగుపెట్టెనని ఆయన చెల్లెలు కారొలీను వ్రాసియున్నది. పని నడుమ నిలిచినచో కీలు బిగిసి, లోహము చల్లబడి, చేసినదంతయు చెడు ప్రమాదము కలదు. చేతులు తీరికలేని అన్ననోట ఆమెయే ముద్ద ముద్దగా ఆహారము పెట్టుచుండెడిది. విసుగు కలుగకుండ కథలు చదివి వినిపించుచుండెడిది. పోతమూసకు కావలసిన గుఱ్ఱపులద్దెను రోటిలో దంచి జల్లించునదియు ఆమెయే.

1781 మార్చిలో హెర్షెలు యురేనసు గ్రహమును కనుగొనెను. ఆ యేడే మూడడుగుల వెడల్పుగల దర్పణమును పోతపోయ ప్రయత్నింపగా కరగిన లోహము కారి ఱాతినేలమీద ప్రవహించెను. ఆ వేడికి నేలఱాళ్లు పేలి నలుదిక్కులకు ఎగసెను. అన్నదమ్ములును పనివారును ప్రాణములు దక్కించుకొని పరుగిడిరి. వేడిమిని అదుపులో పెట్టలేనివాడు దర్పణమును చేయలేడను పాఠము ఆ యింటివారికి ఇట్లు లభించెను.

కారొలీను విషయమున మఱొకమాట చెప్పక పోజాలము. ఆమె అన్నకు అన్నము పెట్టిన చెల్లెలుగా మాత్రమే మిగిలిపోలేదు. 1786 లో స్వయముగా ఒక తోకచుక్కను కనిపెట్టెను. 1787 నుండి రాజు ఆమెకు ఏటికి ఏబది పౌనుల జీతమేర్పఱచెను. 1828 లో రాజఖగోళసంఘము ఆమెకు స్వర్ణపతకము నొసగెను. రోలు పట్టిన చేయి దూరదర్శినిని పట్టజాలదను వాదమునకు ఇంతకంటె సమాధానమక్కఱలేదు.

శత్రువును కంటికి చూపినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లియోన్ ఫూకో. ఆయన లోహమునకు బదులు గాజును దర్పణముగా చేసి దానిపై పలుచని వెండిపూత పెట్టు పద్ధతిని ప్రచారమునకు తెచ్చినవారిలో ఒకడు. 1858, 59 సంవత్సరములలో ఆయన ప్రకటించిన పరీక్ష మిక్కిలి సులభమైనది. దర్పణముయొక్క వక్రతాకేంద్రమున ఒక సూక్ష్మదీపము నుంచి, అది తిరిగి వచ్చి కూడుచోట కత్తి అంచును అడ్డుపెట్టి చూడవలెను. తలము నిర్దోషమైనచో దర్పణమంతయు ఒక్కసారిగా సమముగా చీకటి యగును. ఎక్కడనైన మిట్టపల్లములున్నచో అవి సాయంకాలపు ఎండలో కొండలును లోయలునువలె వెలుగునీడలుగా కనబడును. మిల్లీమీటరులో లక్షవంతులతో లెక్కింపదగిన దోషములను కొలబద్దతో పనిలేకయే ఒక దీపమును ఒక కత్తియును చూపెను.

ఈ పరీక్ష మూలమున ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడెను. దర్పణముపై వ్రేలు కొన్ని క్షణములు మోపి తీసినచో, ఆ వ్రేలి వెచ్చదనమునకే గాజు ఉబ్బి అచ్చట చిన్న గుట్ట కనబడును. చల్లబడినకొలదిని ఆ గుట్ట అణగిపోవును. దర్పణము ముందు చేయి చాపినచో చేతినుండి లేచు వెచ్చని గాలి పొగవలె కనబడును. నాటినుండి గాజు పనివాడు తన ఒడలి వేడిమియే తన పనికి విఘ్నమని తెలిసికొనెను. శత్రువు వెలుపల మాత్రమే లేడు; పనిచేయువానితోడనే గదిలోనికి వచ్చుచున్నాడు.

ఈ జ్ఞానమును కర్మశాలకు నియమముగా మార్చినవారిలో అగ్రగణ్యుడు అమెరికావాడైన జార్జి రిచ్చీ. ఆయన మొదట బడిలో వడ్రంగము నేర్పు ఉపాధ్యాయుడు. కాలిఫోర్నియాలోని పాసడేనా నగరమున మౌంటు విల్సను వేధశాలకై 60 అంగుళముల దర్పణమును ఆయన సిద్ధపఱచెను. దాని గాజు ఫ్రాన్సులోని సెంట్ గోబాను కార్ఖానాలో పోతపోసినది. బరువు ఇంచుమించు ఒక టన్ను. ఆ పనిగదిలో రిచ్చీ పెట్టిన కట్టుబాట్లు వినదగినవి. గోడలకును కప్పునకును వార్నిషు పూసి వానినుండి పొడి రాలకుండ చేసెను. కిటికీలు బిగించి, లోనికి వచ్చు గాలిని వడగట్టెను. ధూళి లేవకుండ నేలను తడిపి యుంచెను. పైనుండి ఏదియు పడకుండ దర్పణముమీద కాన్వాసు గుడ్డను పందిరివలె కట్టించెను. శస్త్రచికిత్స చేయు వైద్యునివలె తాను టోపీయు గౌనును ధరించి పనిచేసెను. ఈ దర్పణము 1908 డిసెంబరులో కొండమీద మొదటిసారి ఆకాశమును చూచెను.

ఇంత జాగ్రత్తతో చేసిన దర్పణమైనను కర్మశాల దాటి బయటికి వచ్చినపుడు వేడిమి దానిని విడువదు. 100 అంగుళముల దూరదర్శిని కథ ఇందుకు తార్కాణము. 1917 నవంబరు 1 వ తేదీ రాత్రి మౌంటు విల్సను కొండపై ఆ దూరదర్శినిలో మొదటిసారి చూచుటకు వేధశాలాధిపతి జార్జి హేలు, ఆయన సహచరుడు వాల్టరు ఆడమ్సు, ఆంగ్లకవి ఆల్‌ఫ్రెడ్ నాయిసు మొదలగువారు చేరిరి. ఆ యంత్రమునకై హేలు పదేండ్లకు పైగా శ్రమించి, దానికొఱకు ఆరోగ్యమును పోగొట్టుకొనియున్నాడు. దానిని గురుగ్రహమువైపు త్రిప్పి చూడగా ఒక్క గురువునకు మారుగా ఆఱేడు గురుబింబములు ఒకదానిపై నొకటి పడి కనబడెను. చూచినవారి మొగములు వాడిపోయెను. పగటివేళ పనివారు గోపురమును తెఱచియుంచగా ఎండ దర్పణముపై పడినదని అటుపిమ్మట తెలిసెను. ఎండకు గాజు అసమముగా వేడెక్కి వంకరపోయినదా, లేక గాజే చెడ్డదా? నాలుగున్నర టన్నుల ఆ గాజులో బుడగలున్నవని మొదటినుండియు సందేహము కలదు. నిద్రింపబోయిన హేలునకు నిద్రపట్టలేదు. తెల్లవాఱుటకు ముందు, ఇంచుమించు మూడు గంటలవేళ, ఆయన మరల గోపురమునకు వచ్చెను. ఆడమ్సు కూడ నిద్రపట్టక అక్కడికే చేరెను. అప్పటికి గురుగ్రహము దూరదర్శినికి అందనిచోటికి పోయినందున అభిజిత్ నక్షత్రమువైపు దానిని త్రిప్పిరి. గాజు చల్లబడియుండెను. అభిజిత్తు ఒక్క బిందువుగా నిశ్చలముగా వెలిగెను. ఈ దర్పణముతోనే 1923 లో ఎడ్విన్ హబులు దేవయాని నీహారికలో ఒక చంచలనక్షత్రమును కనిపెట్టి, ఆ నీహారిక మన నక్షత్రలోకమునకు వెలుపలిదని ఋజువు చేసెను. ఆ రాత్రి మూడు గంటలవఱకు ఓపిక పట్టనిచో మంచి దర్పణమునే చెడ్డదని పాఱవేసియుందురేమో.

వేడికి సాగని గాజుకొఱకు అటుపిమ్మట వెదకులాట సాగెను. 200 అంగుళముల దర్పణమును మొదట కరగించిన స్ఫటికముతో చేయ ప్రయత్నించి, లక్షలకొలది డాలర్లు వెచ్చించి విఫలులైరి. పిమ్మట న్యూయార్కు రాష్ట్రమున కార్నింగు పట్టణపు గాజు కార్ఖానావారు పైరెక్సు అను గాజుతో పోతపోసిరి. మన ఇండ్లలో వేడికి పగులని పాత్రలుగా వాడుక యందున్న గాజు ఈ జాతిదే. మామూలు గాజు సాగుదలలో సుమారు మూడవ వంతు మాత్రమే ఇది సాగును. 1934 మార్చిలో పోసిన మొదటి పోత చెడెను. డిసెంబరు 2 వ తేదీన రెండవ పోత పోసి, దానిని పది నెలలపాటు దినమునకు ఒక డిగ్రీకంటె తక్కువగా చల్లార్చిరి. నడుమ 1935 జూలైలో నదికి వరద వచ్చి విద్యుద్యంత్రములకు ముప్పు కలుగగా కార్ఖానావారు చేయు పనులన్నియు విడిచి వానిని పైకి తరలించిరి. ఇంతటి నెమ్మదియే గాజులో బిగువులు నిలువకుండ కాపాడినది.

1936 ఏప్రిలులో ఆ గాజు రైలుమీద పాసడేనా చేరెను. దానికొఱకు కట్టిన కర్మశాలకు కిటికీలు లేవు. గాలి యంత్రములచే వడగట్టబడి, ఒకే వేడిమిలో నిలుపబడుచుండెను. లోనికి పోవువారు తెల్లని దుస్తులును, ఆ గదికే ప్రత్యేకింపబడిన పాదరక్షలును ధరింపవలెను. చూడవచ్చినవారు గాజు అద్దము వెనుకనుండి చూడవలసినదే. ఆ పనివారికి నాయకుడు మార్కసు బ్రౌను. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాడు. వేధశాలకు లారీ నడుపుచుండి, ఆసక్తిచే గాజుపని నేర్చుకొని, ప్రపంచములోకెల్ల పెద్ద దర్పణమునకు కర్త యయ్యెను. యుద్ధకాలమున పని నిలిచిపోయెను. 1947 అక్టోబరులో దర్పణము ముగిసెను. అప్పటికి సుమారు ఐదు టన్నుల గాజు అరగిపోయెను. అందుకై ముప్పది టన్నులకు పైగా రాపుడు పొడి వ్యయమయ్యెను. ముదుక పొడి వాడిన పిమ్మట సన్నని పొడికి మాఱునపుడెల్ల గదియు, యంత్రములును, పనివారి ఒడలును కడిగి శుభ్రపఱుపవలెను. ముదుకపొడిలో ఒక్క రేణువు మిగిలినను సన్నని పని చెడును గదా. 1948 జూన్ 3 వ తేదీన పాలొమారు కొండపై ఆ దూరదర్శినిని ప్రతిష్ఠించిరి.

ఇంతవఱకు ధూళితో జరిగిన పోరు అంతయు గృహిణి చేయు పోరువంటిదే: ఊడ్చుట, తడిపి తుడుచుట, కప్పి యుంచుట. గదిలో మనుష్యుడున్నంత కాలము మాత్రము ధూళి పుట్టుచునే యుండును. కదలక కూర్చున్నవాని చర్మమునుండియు బట్టలనుండియు నిమిషమునకు లక్షకొలది సూక్ష్మకణములు రాలుచుండును. ఈ చిక్కును విడదీసినవాడు విల్లిస్ విట్‌ఫీల్డు. ఆయన అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రమున ప్రత్తి పండించు రైతు కొడుకు. సాండియా ప్రయోగశాలలో భౌతికశాస్త్రజ్ఞుడు. 1960 లో ఆయనకు తోచిన ఉపాయము ఇది: ధూళి పుట్టకుండ ఆపుట అసాధ్యము గనుక, పుట్టిన ధూళిని పుట్టినట్లే గాలిచే ఊడ్పింపవలెను. కప్పంతయు వడపోత యంత్రములతో నింపి, వడగట్టిన గాలిని సుళ్లు తిరుగకుండ మెల్లగా క్రిందికి ప్రవహింపజేసి, జల్లెడనేలగుండ బయటికి పంపెను. గదిలోని గాలి కొన్ని క్షణములకొకసారి పూర్తిగా మాఱిపోవును. 1962 లో ఈ గది సంగతి ప్రకటింపబడెను. అందు ధూళిని లెక్కించుటకు పెట్టిన యంత్రము ఇంచుమించు సున్న చూపగా, యంత్రము చెడిపోయినదని చూచినవారు తలంచిరట. నేటి అంతర్జాతీయ ప్రమాణములలో ఐదవ తరగతి శుద్ధగృహమున ఘనమీటరు గాలిలో అరమైక్రాను మొదలు పైపరిమాణము గల రేణువులు 3,520 కి మించరాదు. కటకములే కాక, విద్యుత్పరికరములు, ఔషధములు, ఉపగ్రహములు ఇట్టి గదులలోనే తయారగుచున్నవి.

ఇక్కడితో కథ ముగిసినచో యంత్రమునకు జయమని చెప్పి ఊరకుందుము. కాని 1990 ఏప్రిలులో ఆకాశమునకు పంపబడిన హబులు దూరదర్శిని మఱొక పాఠము నేర్పెను. దాని దర్పణము 2.4 మీటర్లది. అమెరికాలోని డాన్‌బరీ పట్టణమున 1979 మొదలు 1981 వఱకు అతిశుద్ధమైన గదిలో మెఱుగుపెట్టబడినది. నునుపులో దానిని మించినది అంతకుముందు లేదు. తీరా ఆకాశమునకు పోయినపిమ్మట చిత్రములు మసకగా వచ్చెను. విచారణ జరుపగా, దర్పణపుటంచు ఉండవలసినదానికంటె 2.2 మైక్రానులు పల్లముగా అరిగినదని తేలెను. కారణమేమి? దర్పణమును పరీక్షించు సాధనమును అమర్చునపుడు ఒక కొలకఱ్ఱ కొనపైనుండి వెలుగు తిరిగి రావలెను. కొనపై తొడిగిన మూతకు వెలుగు ప్రతిఫలింపకుండ నల్లని పూత పూసిరి. ఆ పూతలో చిన్న పెచ్చు ఊడిపోయెను. వెలుగు కఱ్ఱ కొననుండి కాక ఆ పెచ్చూడినచోటనుండి తిరిగి వచ్చెను. సాధనములోని కటకము 1.3 మిల్లీమీటరు తప్పుగా అమర్పబడెను. ఆ తప్పుడు సాధనము చెప్పినట్లే దర్పణమును తప్పులేకుండ అరగదీసిరి.

పెచ్చూడుట దైవికమనవచ్చును. దానికి మించిన దోషము వేఱొకటి కలదు. అదే కర్మశాలలో అంతకంటె సామాన్యములైన రెండు సాధనములు దర్పణమున దోషమున్నదని చూపెను. అవి తక్కువ నాణ్యము గలవి యని, తాము నమ్మిన సాధనమే నిజము చెప్పునని, అధికారులు వాని మాటను త్రోసివేసిరి. గదిలోని గాలిని వడగట్టిరిగాని తమ నమ్మకమును వడగట్టుకొనలేదు. 1993 డిసెంబరులో వ్యోమయాత్రికులు పోయి ఆ దోషమును సవరించు దర్పణములను అమర్చువఱకు ఆ దూరదర్శినికి కన్ను మసకగానే యుండెను.

మన దేశమునకును ఈ చరిత్రలో పాలు లేకపోలేదు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగు 1901 లో నెలకొల్పిన వేధశాల, 1908 లో నిజాము ప్రభుత్వమునకు చేరి నిజామియా వేధశాల యయ్యెను. అందు పనిచేసిన ఒకరి కుమారుడే వేణు బాప్పు. తండ్రివెంట ఆ దూరదర్శినుల నడుమ పెరిగి, నిజాము కళాశాలలో చదివి, 1949 లో ఒక తోకచుక్క కనుగొన్నవారిలో ఒకడయ్యెను. పెద్ద దూరదర్శిని దర్పణమును మన దేశముననే అరగదీసి మెఱుగుపెట్టవలెనని ఆయన పట్టుదల. 2.34 మీటర్ల ఆ దర్పణమునకు బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థవారి కర్మశాలలో మెఱుగుపెట్టిరి. తమిళనాట జవ్వాది కొండలలోని కావలూరున 1986 లో దానిని ప్రతిష్ఠించి ఆయన పేరిడిరి. ఆయన మాత్రము 1982 లోనే కాలధర్మము చెందెను. వేసవి ధూళియు, వానకాలపు చెమ్మయు గల మన శీతోష్ణస్థితిలో ఇట్టి పని సాగదనువారికి ఆ దర్పణమే ప్రత్యుత్తరము.

చదువరులు ఇందాక చెప్పిన కర్మశాలల నియమములను మన ఇండ్లలోని మడితో పోల్చి చూతురుగాక. ప్రత్యేకవస్త్రము, ప్రవేశమునకు ముందు స్నానప్రాయమగు శుద్ధి, తాకకూడని వస్తువులు, ఇతరులు దూరమున నిలుచుట—పైకి చూచుటకు రెండును ఒక్కటిగానే కనబడును. మన ఆచారములో శుభ్రమును గూర్చిన వివేకము కొంత యుండినదని మేమును ఒప్పుకొందుము. భేదము ఎక్కడనున్నదనగా, పాసడేనా కర్మశాలలో అంటు అనునది పుట్టుకనుబట్టి నిర్ణయింపబడలేదు. అధిపతి ఒంటినుండి రాలు రేణువును, నేల కడుగువాని ఒంటినుండి రాలు రేణువును దర్పణమును ఒకేరీతిగా గీయును. కనుక తెల్లని దుస్తులు ఇద్దఱికిని తప్పవు. లారీ నడిపినవాడు ఆ గదికి యజమాని కావచ్చును. శ్రద్ధలేని పండితుడు గుమ్మము దాటరాదు. మఱియు అచ్చటి ప్రతి నియమమును పరీక్షకు నిలువవలెను. కత్తి అంచు ముందు దర్పణము ఏమి చెప్పునో అదియే ప్రమాణము. పరీక్షను కాదన్ననాడు అతిశుద్ధమైన గదియు ఎట్లు మోసపోయెనో హబులు కథలో చూచితిమి. 1950 లో మన రాజ్యాంగము పదునేడవ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసినది. శాసనము రద్దు చేసినదానిని మనస్సు ఇంకను అక్కడక్కడ దాచుకొనియున్నదన్నచో, ఆ దాచిన ధూళి ఎండపొడ పడువఱకు కానరాని త్రసరేణువువంటిదే.

కడపట ఇంటికి పనికివచ్చు చిన్నమాట. మేము చాల ఏండ్లు మా కంటియద్దములను ఉత్తరీయపు చెఱగుతో పొడిగా తుడుచుకొనుచుంటిమి. అవి నానాటికి మసకబాఱగా వయస్సుచే చూపు తగ్గుచున్నదనుకొంటిమి. తీరా వెలుతురునకు ఎత్తి చూడగా అద్దములనిండ సన్నని గీతలు. గుడ్డతో పాటు గుడ్డలోని ఇసుకనుకూడ అద్దముమీద రుద్దుచుంటిమన్నమాట. ఆ గీతలు పడకుండ చేయుటకు పెద్ద యంత్రములక్కఱలేదు. మొదట మంచినీటితో ధూళిని కడిగివేసి, పిమ్మట ఉతికిన మెత్తని గుడ్డతో తడి అద్దవలెను. పెట్టెలలో దాచిన కటకములకు వానకాలమున బూజుపట్టకుండ చెమ్మలేనిచోట గాలియాడనీయవలెను. ఈ రెండు పనులు ఇంటిలోని పిల్లలకు నేర్పునపుడు, ఎందుకు చేయవలెనో కూడ చెప్పుడు. కారణము తెలిసి చేసినది శౌచము. తెలియక చేసినది మడికట్టు మాత్రమే. రేపు ఉదయము ఎండపొడ గదిలోనికి వచ్చినపుడు వారిని కిటికీదగ్గఱకు పిలిచి ఆ త్రసరేణువులను చూపుడు. గది ఎంత శుభ్రముగా నున్నదో వారే చెప్పుదురు.